‘తండ్రి పేరు’ దగ్గర ఆగండి

హైస్కూల్లో నేను లెక్కలు చెప్పాను. పింఛను దానికే వస్తోంది. కానీ మార్కాపురం బజార్లో నన్ను ఆపి దండం పెట్టేవాళ్లలో చాలామంది నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు కారు. వాళ్ల కొడుకునో తమ్ముణ్ణో కాలేజీలో చదివించడానికి డబ్బిచ్చే మనిషిని నేను వెతికిపెట్టాను, అంతే. ఆ పనికి జీతం లేదు, పేరు లేదు, సెలవులు అసలే లేవు. మొన్న ఒక కుర్ర అయ్యవారు ఇంటికొచ్చి, "ఆ పని ఇప్పుడు నాకు అప్పజెప్పారండీ, ఎట్లా చెయ్యాలో కాస్త చెప్పండి" అన్నాడు. చెబుతూ చెబుతూ సగం మరిచిపోయాను. మిగతా సగం విసుగులో వంకరటింకరగా చెప్పాను. అతను పాపం తల ఊపి వెళ్లిపోయాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వెతకడం అంటే

మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా ఒక మూల. ఆ జిల్లాకు మేము ఇంకో మూల. మా దగ్గర స్కూలు ఫైనలు ఎంత బాగా పాసైనా, కాలేజీ ముఖం చూడాలంటే రైలెక్కి గుంటూరో అనంతపురమో పోవలసిందే. అక్కడ ఫీజు, తిండి, బస, పుస్తకాలు. పొలం తాకట్టు పెట్టగలిగినవాడు పెట్టేవాడు. పెట్టడానికి పొలం లేనివాడు పిల్లవాణ్ణి పలకల గనిలో పనికి పెట్టేవాడు. ఫస్టున పాసైనవాడు రాళ్లు చీలుస్తుంటే చూసి, ఆ రోజు అన్నం సహించక నేను ఈ పనిలో పడ్డాను.

సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్పులు కొన్ని ఉండేవి. అవి పెద్ద ఊళ్ల పిల్లలు కనిపెట్టుకుని కూర్చునేవాళ్లు. మా దాకా కబురు వచ్చేసరికి గడువు దాటిపోయేది. మిగిలినవి జమీందార్లవి, వర్తకులవి, ప్లీడర్లవి, కులసంఘాలవి. వాటి ప్రకటనలు పేపరు చివరి పేజీలో, బలం మందుల పక్కన, చిన్న అక్షరాల్లో వేసేవాళ్లు. అందరూ పేపరు ముందు నుంచి చదివితే నేను వెనక నుంచి చదివేవాణ్ణి. పెళ్లిళ్లకు పోయినా వరుణ్ణి చూడక, ఆ వచ్చిన పెద్దమనుషుల్లో ఎవరు ఎవరిని చదివిస్తున్నారో ఆరా తీసేవాణ్ణి. మా ఆవిడకు నాతో ఎక్కడికి రావాలన్నా సిగ్గుగా ఉండేది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, కోపం వచ్చినా సరే. పిల్లవాడి చేత పేదరికం వేషం కట్టించకండి. గిద్దలూరు వైపు ఒక భూస్వామి ఉండేవాడు, బాగా ఇస్తాడని పేరు. ఆయన దగ్గరికి ఒక పిల్లవాణ్ణి పంపేటప్పుడు మా హెడ్మాస్టరుగారు, "కాస్త చిరిగిన చొక్కా వేయించవయ్యా, పని తేలిగ్గా అవుతుంది" అన్నారు. నేను వినలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన నా చొక్కానే ఇచ్చి పంపాను. ఆ భూస్వామి వాణ్ణి కిందికీ పైకీ చూసి, "వీనికేం తక్కువ?" అని పంపించేశాడు. ఆ ఏడు ఆ పిల్లవాడికి ఇంకో దాతను చూడడానికి కాళ్లరిగేలా తిరిగాను. హెడ్మాస్టరుగారు నెలరోజులు నన్ను ఎత్తిపొడిచారు. అయినా నేను చేసింది తప్పనుకోను. మార్కులు తెచ్చుకున్నవాడు ఆ మార్కులు చూపించాలి గాని, చిరుగులు కాదు.

ఆ హెడ్మాస్టరుగారి గురించి చెప్పాలి. ఆయన నెల్లూరు వైపు మనిషి. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. పిల్లవాడికి డబ్బు వస్తుందంటే దారి ఎట్లాంటిదని ఆయన అడగడు. నేను అడుగుతాను. ఆ ఒక్క విషయం దగ్గరే మాకు పడేది కాదు.

కేశవులు

కేశవులు యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న పల్లెవాడు. గొర్రెల కాపరుల ఇల్లు. మార్కాపురంలో కంబళ్లు అమ్మే మేనమామ దగ్గర ఉండి చదువుకునేవాడు. గొంగడి వాసన వస్తోందని మొదట్లో పక్కవాళ్లు బెంచీ మీద జరిగి కూర్చునేవాళ్లు. పరీక్షల రోజుల్లో మాత్రం మళ్లీ దగ్గరకు జరిగేవాళ్లు. వాడు అదీ ఇదీ రెండూ పట్టించుకోలేదు. స్కూలు ఫైనల్లో వాడికి వచ్చినన్ని మార్కులు మా స్కూల్లో అంతకుముందు ఎవరికీ రాలేదు.

గుంటూరులో ఒక వర్తక కుటుంబం పెట్టిన నిధి ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ కనకమ్మగారు, భర్త పోయాక ఆయన పేరు మీద పెట్టింది. ఆయన తండ్రి లేకుండా పరాయి ఇళ్లలో తిని పెరిగిన మనిషట. అందుకని తండ్రి లేని పిల్లలకు ఫీజు, భోజనం, బస, పుస్తకాలు అన్నీ బి.ఏ. అయ్యేదాకా ఇచ్చేవాళ్లు. తండ్రి ఉంటే, మార్కులు ఎంత గొప్పవైనా, అందులో సగమే. ఆ సగమే మిగతా నిధులు ఇచ్చేదానికంటే ఎక్కువ. కేశవులుకు ఆ సగం తేవాలని నేను దరఖాస్తు తెప్పించాను.

ఇంటివాళ్ల నోట వివరాలు విని రాయాలని రూలు. పల్లెకు పోయాను. వాడి తండ్రి మందతో అడవిలో ఉన్నాడు. తల్లి లక్ష్మమ్మ ఉంది. "మీ ఆయన పేరు చెప్పమ్మా" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. మా వైపు ఆడవాళ్లు భర్త పేరు పైకి అనరు. అంటే ఆయన ఆయుష్షుకు మంచిది కాదని నమ్మకం. స్కూలు రిజిస్టరులో పేరు ఉంది, నాకు తెలియక కాదు. రూలు కోసం అడిగాను. చివరికి పక్కింటి ముసలమ్మ, "గురవయ్య నాయనా, గురవయ్య అని రాసుకో" అంది. లక్ష్మమ్మ కొంగు వెనకనుంచి "ఆఁ, ఆ పేరే" అంది. కేశవులు పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ పల్లెకు నేను పోవడం అది రెండోసారి. అంతకుముందు వేసవిలో కేశవులు తాత, ఆ ఇంటి ముసలాయన, అడవిలో మంద దగ్గరే పోయాడు. ఆయన దినానికి వెళ్లి వాళ్లింట్లో భోజనం చేశాను.

రైల్లో

పిల్లవాణ్ణి గుంటూరు పిలిపించారు. నేను తోడు వెళ్లాను. లోపలికి అయ్యవార్లను రానివ్వరు. వసారాలో కూర్చుని, పంచె కొసలు నలుపుకుంటూ ఉన్నాను. చాలాసేపటికి వాడు బయటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"సార్, అంతా ఇస్తామన్నారు! ఫీజు, తిండి, అంతా! అమ్మగారు ఏడ్చినారు సార్."

"ఏడ్చారా? ఎందుకురా?"

"ఏమో సార్. నెత్తిన చెయ్యి పెట్టినారు."

నేనూ ఆ సంతోషంలో ఆలోచించలేదు. మార్కులు చూసి మనసు కరిగి ఉంటుందిలే అనుకున్నాను. హోటల్లో ఇద్దరం మిఠాయి తిన్నాం. రైలు వినుకొండ దాటాక, చల్లగాలికి కాస్త బుర్ర కుదుటపడ్డాక, అప్పుడు తట్టింది. అంతా ఎట్లా ఇస్తారు? వీడికి తండ్రి ఉన్నాడు గదా!

"ఏమడిగార్రా నిన్ను? వరసగా చెప్పు."

"ఆ నిధి చూసే ప్లీడరుగారు ఇంగ్లీషులో లెక్కలవీ, చరిత్రవీ అడిగినారు సార్. అన్నీ చెప్పినా. అప్పుడు అమ్మగారు తెలుగులో, మీ నాయన ఏం చేస్తాడు అబ్బాయీ అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నాయన లేడండీ, పోయిన ఎండాకాలం చచ్చిపోయినాడు అన్నా."

"ఏందిరా నువ్వనేది! మీ నాయన నిక్షేపంగా ఉన్నాడు గదరా!"

వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మా నాయన చచ్చిపోయినాడు గదా సార్. మీరు దినానికి గూడా వచ్చినారు. మా ఇంట్లో అన్నం తింటిరి."

"ఆయన మీ తాత గదరా!"

"అవును సార్. నాయన."

"మరి గురవయ్య?"

"అన్న."

వాడు చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. గురవయ్య ఆ ఇంట్లో పెద్దకొడుకు. ముగ్గురు తమ్ముళ్లు, అందరూ ఒకే కప్పు కింద. తమ్ముళ్లంతా "అన్నా, అన్నా" అని పిలుస్తుంటే చంటిబిడ్డగా కేశవులు కూడా అదే పట్టుకున్నాడు. అందరూ ముసలాయనను "నాయనా" అంటుంటే వాడూ నాయనా అన్నాడు. మా వైపు ఇళ్లలో ఇది కొత్త కాదు. మా పిన్ని పిల్లలు కన్నతల్లిని "అక్కా" అనే పిలిచేవాళ్లు. రోజూ వినే పిలుపులు కాబట్టి నా చెవికి ఎప్పుడూ ఆనలేదు.

"గొర్రెలు ఎవరు చూస్తారని గూడా అడిగినారు సార్. అన్న చూస్తాడండీ అన్నా." విషయం వాడికీ అర్థమవుతోంది. "ఫాదర్ అని అడిగింటే గురవయ్య అనే చెప్తాంటి సార్. వాళ్లు నాయన అన్నారు."

రైలు దొనకొండ దాటింది. ఆ తర్వాత వాడు, "ఇప్పుడు ఏం జేస్తాం సార్?" అన్నాడు.

హెడ్మాస్టరుగారి మాట

మర్నాడు హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన కడుపుబ్బ నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "బ్రహ్మాండంగా ఉందయ్యా. నోరు మూసుకుని కూర్చో" అన్నారు.

"అదేమిటి సార్?"

"అబద్ధం చెప్పిందెవరు? వాడు చెప్పలేదు. నువ్వు రాయలేదు. దరఖాస్తులో తండ్రి పేరు గురవయ్య, వృత్తి గొర్రెలు అని ఉంది. బతికున్నాడా లేడా అని గడి లేదు. వాళ్లకై వాళ్లు తప్పుగా విన్నారు. ఆ చెవుల పాపం మనకెందుకు?"

"ఏడాదికోసారి వాళ్ల గుమాస్తా పిల్లల ఇళ్లకు వస్తాడు సార్."

"వస్తే ఆ రోజు గురవయ్య అడవిలో ఉంటాడు. ఎప్పుడూ ఉండేదే గదా. చూడవయ్యా, ఆ డబ్బు మొత్తం రాకపోతే వాడు కాలేజీలో చేరలేడు. చేరినా నిలవలేడు. నువ్వు నిజం చెప్పి పుణ్యం కట్టుకుంటావు, వాడు మళ్లీ గొర్రెల వెనక పోతాడు. నీకు నిద్ర పడుతుందా?"

ఆయన మాట కొట్టెయ్యలేను. ఇప్పటికీ కొట్టెయ్యలేను. ఈ పనిలో మీకు ఎదురయ్యే అధికారుల్లో దుర్మార్గులు తక్కువ. పిల్లవాడి మేలు కోరి అడ్డదారి చూపించేవాళ్లే ఎక్కువ, వాళ్లతోనే కష్టం. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపాను. చివరికి, ఇది మనం తేల్చే విషయం కాదు, బతికున్న మనిషిని లేడని అనుకోవాలంటే ముందు ఆ మనిషిని అడగాలి అనిపించింది. కేశవులును వెంటబెట్టుకుని పల్లెకు బయలుదేరాను.

గడపలో

తొలకరి పడింది. గురవయ్య మందను అడవిలోంచి దించుకొచ్చి ఇంటిదగ్గరే ఉన్నాడు. పొడుగాటి మనిషి, మాట నెమ్మది. వాకిట్లో కంబళి పరిచి నన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. జరిగింది మొదటినుంచి చెప్పాను.

ముందు నవ్వాడు. "అయితే నన్ను చంపేసి వచ్చినాడా వాడు! వార్నీ!" అని కొడుకు వైపు చూశాడు. కేశవులు తల వంచుకున్నాడు. అప్పుడు ఆయన నవ్వు ఆగిపోయింది.

"అయ్యవారూ, ఆ సగానికీ, ఈ మొత్తానికీ శానా తేడానా?"

"చాలా తేడా గురవయ్యా. ఉన్నమాట చెబుతున్నా."

గడ్డం గోక్కున్నాడు. "అట్లయితే అట్లే ఉండనీండి. నేను లేననే రాసుకోండి. ఏడాదిలో సగం అడివిలోనే గదా నేనుండేది. ఆ గుమాస్తా వచ్చే పొద్దుకు మందతో లోపలికి పోతా. అడిగితే మా తమ్ముళ్లు చెప్తారు, లేడని."

ఇంట్లోంచి లక్ష్మమ్మ వచ్చింది. చేతిలో జొన్నలు చెరుగుతున్న చేట అట్లాగే ఉంది.

"గుమాస్తా వచ్చి నిన్ను సూడడు. సరే. నన్ను సూస్తాడు గదా? నా మొగాన బొట్టుంటాది. చేతికి గాజులుంటాయి. అవేం జేయమంటావు?"

"ఒక్క పూట..." అని గురవయ్య ఏదో అనబోయాడు.

"ఒక్క పూటా!" చేట నేల మీద పడింది. జొన్నలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. "వాడు కలెక్టరు గానీ, జడ్జీ గానీ. నాకొద్దు. ఆ మాట ఈ గడపలో ఇంకోసారి అన్నావంటే నా మీద ఒట్టే. అయ్యవారూ, మీకు దండం పెడతా. పోయి ఉన్నదున్నట్టు చెప్పి రాండి. ఇస్తే ఇస్తారు, ఇయ్యకుంటే పోతాది."

నాకు చాలా సిగ్గేసింది. హెడ్మాస్టరుగారూ నేనూ దరఖాస్తు గడులు చూశాం, ప్రకటన అక్షరాలు చూశాం గాని, ఆ ఇంట్లో ఒక ఆడమనిషి ఉందని, ఆమె నుదుట బొట్టు ఉందని మాకు తట్టనే లేదు. గురవయ్య కిందికి వంగి జొన్నలు ఎత్తడం మొదలుపెట్టాడు. కేశవులు కూడా కూర్చుని ఎత్తుతూ, తల పైకెత్తకుండానే, "పోదాం సార్, గుంటూరు" అన్నాడు.

గుంటూరులో

గురవయ్య, కేశవులు, నేను, ముగ్గురం వెళ్లాం. ఈసారి నన్నూ లోపలికి రానిచ్చారు. కనకమ్మగారు తెల్లచీరలో, జపమాల పట్టుకుని గోడవారగా పీట మీద కూర్చుని ఉంది. నిధి కార్యదర్శి ప్లీడరుగారు బల్ల దగ్గర ఉన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో ఆయన చెయ్యి అడ్డం పెట్టి, కేశవులు వైపు తిరిగి, గురవయ్యను చూపిస్తూ, "ఇతను నీకేమవుతాడు?" అన్నారు.

వాడు బెదిరిపోయాడు. నోటికి ఏది అలవాటో అదే వచ్చింది. "అన్న సార్."

"విన్నారా అమ్మగారూ!" ప్లీడరుగారు బల్ల మీద గుద్దారు. "మొన్న తండ్రి లేడన్నాడు. ఇవాళ తండ్రి అని ఒకణ్ణి తెచ్చారు. ఆ తండ్రిని పట్టుకుని అన్న అంటున్నాడు. మేష్టారూ, ఇదేం నాటకం? నా ప్లీడరీలో ఇట్లాంటి సాక్ష్యం వినలేదు. సగం కాదు గదా, కాణీ కూడా ఇచ్చేది లేదు."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో పిలుపుల సంగతి, తమ్ముళ్ల సంగతి, తాత సంగతి అన్నీ చెప్పాను. ఎంత చెబితే అంత కట్టుకథలా వినిపిస్తోంది, నాకే తెలుస్తోంది. ప్లీడరుగారు పెదవి విరిచి, "అయితే ఏదీ, నాయనా అని పిలవమనండి, చూద్దాం" అన్నారు.

కేశవులు గురవయ్య వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గాని పిలుపు రాలేదు. కాలేజీ చదువంతా ఆ ఒక్క మాట మీద ఆగింది, వాడికీ తెలుసు. అయినా రాలేదు.

గురవయ్య ముందుకొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "వద్దులే సామీ. వానికి రాదు. వచ్చినా నాకొద్దు. నాయనా అంటే మా నాయన గుర్తొస్తాడు."

కనకమ్మగారు జపమాల ఒళ్లో పెట్టుకుంది. కళ్లొత్తుకుని, ప్లీడరుగారితో ఎప్పుడూ మాట్లాడే పద్ధతిలో కాకుండా, మా యాసలో అంది. "వాణ్ణి ఏమీ అనొద్దండీ. తప్పు నాది. మాది కొమరోలు. మా అమ్మను మేమందరం వదినా అనే పిలిచినాం, ఆమె పోయేదాకా. ఈ ఊరు వచ్చినాక అమ్మ అమ్మ అని చెప్పీ చెప్పీ ఆ పిలుపే మరిచిపోయినా. మన పక్క పిలగాడని మన మాటలోనే అడిగితిని, మన ఇళ్ల సంగతి మాత్రం గుర్తు రాలా."

ప్లీడరుగారు దగ్గి, రూలు మాత్రం రూలేనన్నారు. ఆవిడ కూడా అవునంది. భర్త పేరు మీద పెట్టిన నియమం, తన జాలి కోసం మార్చనంది. తండ్రి ఉన్నాడు కాబట్టి సగం. ఆ మాట చెప్పడానికి ఆవిడకు కష్టంగానే ఉందని ముఖం చూస్తే తెలిసింది.

గురవయ్య రెండు చేతులూ జోడించాడు. "సగం శానా తల్లీ. మిగతా సగానికి నేనుండాను గదా."

ఆ తర్వాత నేను దరఖాస్తు నింపడానికి కూర్చున్న ప్రతి పిల్లవాణ్ణీ, తండ్రి పేరు రాసేముందు, "మీ ఇంట్లో ఎవర్ని ఏమని పిలుస్తావురా?" అని అడిగాను. కుర్ర అయ్యవార్లు నవ్వుకునేవాళ్లు. మీరు కూడా అడగండి. ఒక్కోసారి పిల్లవాడు ఏమీ చెప్పడు, ఊరికే నేల చూస్తాడు. అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలి, ముందు వాళ్ల ఇంటికి వెళ్లి రండి.

మిగతా సగం

కేశవులు గుంటూరులో చేరాడు. మొదటి ఏడు వాడు క్లాసులో ముందే ఉన్నాడని కబురు వచ్చింది. గురవయ్య తన మంద కాక ఊళ్లోవాళ్ల గొర్రెలు కూడా కూలికి తోలుకుపోయాడు. వానలు పడితే మిగతావాళ్లు మందలు దించుకొచ్చేవాళ్లు. ఆయన లోపలే ఉండిపోయేవాడు. దారిలో నాకు ఒకసారి కనిపిస్తే, "ఒళ్లు చూసుకోవయ్యా గురవయ్యా" అన్నాను. "నాకేం అయ్యవారూ, గుండ్రాయి లెక్క ఉండా" అన్నాడు. మనిషి మాత్రం సగానికి సగం అయ్యాడు.

రెండో ఏడు వానల్లో అడవి జ్వరం పట్టుకుంది. తమ్ముళ్లు మంచం మీద మోసుకొచ్చేసరికి దారిలోనే అయిపోయింది.

కేశవులు కబురు అందగానే రైలెక్కబోతూ, కనకమ్మగారి ఇంటికి వెళ్లాడట. ఎందుకు వెళ్లాడో వాడికే తెలియదు. గుమ్మంలో నిలబడి, "అన్న పోయినాడమ్మా" అన్నాడట. ఆవిడ పీట మీదినుంచి లేచి నిలబడిందట. ఇంకేమీ అడగలేదట. ఆ వారంలోనే నిధినుంచి హెడ్మాస్టరుగారికి మాట వచ్చింది: ఇకమీదట పూర్తిగా ఇస్తాం, హెడ్మాస్టరు ఎదుట తల్లి తన నోటితో చెప్పిన మాట రాసి పంపండి అని.

నేను దినానికి వెళ్లినప్పుడు కేశవులు, "వద్దు సార్. అన్న చావుకు కూలి తీసుకున్నట్టుంటాది" అన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు. ఏ ముఖంతో చేస్తాను? ఆ రోజు నోరు మూసుకుని కూర్చుని ఉంటే గురవయ్య వానల్లో అడవిలో ఉండేవాడు కాదేమో. ఈ మాట నన్ను చాలా ఏళ్లు పట్టుకుంది. మళ్లీ అట్లాంటిదే వస్తే మళ్లీ గుంటూరే వెళతాను, అది మాత్రం తెలుసు. కానీ నిజం చెప్పినవాణ్ణి నేను, దాని ఖరీదు కట్టినవాడు గురవయ్య. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది తెలుసుకుని రావాలి. మనం పట్టుకున్న న్యాయానికి ఎప్పుడూ ఇంకొకరి ఇంట్లోంచే ఖర్చవుతుంది.

కొన్నాళ్లకు ఒక పొద్దున లక్ష్మమ్మే స్కూలుకు వచ్చింది. పక్కన మరిది ఉన్నాడు. ఆమె నన్ను చూసి కొంగు సర్దుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. నుదురు బోసిగా ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి.

"ఆయన ఆ పొద్దే రాసుకోమన్నాడు అయ్యవారూ. నేను అడ్డం పడితిని. ఇప్పుడు రాయండి. ఇప్పుడు అబద్ధం గాదు గదా."

హెడ్మాస్టరుగారి గదిలోకి తీసుకెళ్లాను. ఆయన లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు వస్తే ఆయన లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమెను బెంచీ మీద కూర్చోమన్నారు, ఆమె కూర్చోలేదు. ఆయన కాగితం ముందు పెట్టుకుని, కలం ముంచి, రాయడం మొదలుపెట్టారు. ఊరి పేరు అడిగారు, చెప్పింది. కొడుకు పేరు అడిగారు, చెప్పింది.

"పోయిన నీ భర్త పేరు చెప్పమ్మా. రూలు ప్రకారం నీ నోటితోనే చెప్పాలి."

మరిది చెప్పబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కిటికీ బయట పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆమె చాలాసేపు గోడ వైపు చూసింది. మెడలో ఏదో వెతుక్కుంటున్నట్టు చెయ్యి పైకి వెళ్లి, అక్కడ ఏమీ లేక కిందికి దిగింది.

"గురవయ్య" అంది.

చాలా సన్నగా అంది. అన్నేళ్ల కాపురంలో ఆమె ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి. ఇక ఏ భయమూ లేదు కాబట్టి అంది. పక్కన నిలబడ్డ నాకు అందింది. హెడ్మాస్టరుగారు తల ఎత్తి, "వినపడలేదమ్మా, ఇంకోసారి" అన్నారు.

ఆమె పెదవులు మళ్లీ కదిలాయి. గొంతు రాలేదు.

"నాకు వినపడింది సార్" అన్నాను. ఆయన చేతిలోంచి కలం తీసుకుని, ఆ పేరు నేనే రాశాను.